రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే డీజిల్ కారు పాడవుతుంది

ప్రశ్న: నేను విశ్రాంత అధ్యాపకుణ్ణి. రాజమహేంద్రవరంలో మేమిద్దరమే ఉంటాం. 2021లో డీజిల్ కారు కొన్నాం. ఇప్పటికి 19 వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగింది. రైతుబజారు, గుడి, ఆసుపత్రి అన్నీ మూడు నాలుగు కిలోమీటర్ల లోపే. కారు తీయని రోజున కూడా బ్యాటరీ పడిపోకూడదని పొద్దున్నే పోర్టికోలో ఐదు నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఆపుతాను. ఆరు నెలల కిందట డాష్‌బోర్డు మీద, గొట్టంలో చుక్కలున్నట్టు ఒక పసుపు దీపం వెలిగింది. సర్వీస్ సెంటర్ వారు ఏదో చేసి ఆర్పారు. ఇప్పుడు మళ్లీ వెలిగింది. ఈసారి ఫిల్టర్ మార్చాలి, లక్ష రూపాయలు దాటుతుంది అంటున్నారు. మాకు తెలిసిన మెకానిక్ ఆ ఫిల్టర్ తీసి పారేస్తే పీడ వదులుతుందంటున్నాడు. రెండు నెలల్లో డాలస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లి ఆరు నెలలు ఉండాలి. కారు ఉంచుకోవాలా, అమ్మేయాలా? ఇంత జాగ్రత్తగా చూసుకున్న కారుకు ఈ జబ్బు ఎందుకు వచ్చింది?

జవాబు: మాస్టారు గారూ,

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా వాటికి సమాధానం దానిలోనే దొరుకుతుంది. మీరు జాగ్రత్త అనుకుని చేస్తున్న పనే ఈ జబ్బుకు మూలం. రేపటి నుంచి పోర్టికోలో స్టార్ట్ చేయడం మానేయండి. ఫిల్టర్ మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. తీసి పారేయడం మాత్రం ఎవరు చెప్పినా, ఎంత తక్కువకు చేస్తామన్నా వద్దు.

ఈ అలవాటు మీ ఒక్కరిదే అయితే ఇంత వివరంగా రాయనవసరం లేదు. మన ఇళ్లలో డీజిల్ కారున్న పెద్దవారిలో చాలామంది ఇదే చేస్తున్నారు. దీనికి ఒక చరిత్ర ఉంది. అంబాసిడర్లు, పద్మినిలు తిరిగిన రోజుల్లో నాలుగు రోజులు కదపకపోతే బండి మొండికేసేది. కాబట్టి పొద్దున్నే ఒకసారి స్టార్ట్ చేసి చూసుకోవడం అప్పట్లో తెలివైన పనే. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చి కార్లు ఇళ్ల ముందే నిలిచిపోయినప్పుడు ఆ పాత సలహా మళ్లీ ఫోన్లలో తిరిగింది. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా అదే సమయంలో, 2020 ఏప్రిల్ 1 నుంచి, దేశమంతటా వాహన కాలుష్యానికి బీఎస్-6 (భారత్ స్టేజ్-6) ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ తేదీ తర్వాత అమ్మిన డీజిల్ కార్ల స్వభావమే మారిపోయింది. పాత సలహా మాత్రం అలాగే ఉండిపోయింది. మీరు 2021లో కొన్నది ఆ కొత్త తరం బండి.

ఏం మారిందో చెబుతాను. అంతకుముందున్న బీఎస్-4 ప్రమాణాల ప్రకారం డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల వరకు మసిని వదలవచ్చు. బీఎస్-6లో అది 4.5 మిల్లీగ్రాములకు తగ్గింది. అంత తక్కువకు దించాలంటే ఇంజన్‌ను మెరుగుపరిస్తే సరిపోదు, పొగగొట్టంలోనే మసిని పట్టి ఆపాలి. అలా ఆపేదే మీరు చెప్పిన ఫిల్టర్. దాన్ని డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్) అంటారు. తేనెపట్టు అల్లికలో సన్నని గదులున్న పింగాణీ దిమ్మె అది. ఒక గదికి ఈ చివర మూసి ఉంటుంది, పక్క గదికి ఆ చివర మూసి ఉంటుంది. పొగ గోడల గుండానే దారి చేసుకోవాలి. వాయువు దాటిపోతుంది, మసి గోడకు అంటుకుని ఉండిపోతుంది.

మరి ఆ మసి నిండిపోదా? నిండుతుంది. అందుకే కారు దాన్ని తనంతట తానే కాల్చుకునేలా తయారు చేశారు. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. హైవే మీద బండి స్థిరంగా పోతున్నప్పుడు పొగ వేడి మూడు, నాలుగు వందల డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఆ వేడిలో పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్ మసిని మెల్లమెల్లగా కరిగించేస్తుంది. డ్రైవరుకు ఏమీ తెలియదు. ఇది చాలనప్పుడు, ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడిలో తేడాను కొలిచే సెన్సర్ కంప్యూటర్‌కు కబురు పంపుతుంది. అప్పుడు కంప్యూటర్ సిలిండర్‌లోకి మామూలు సమయం దాటాక మరికొంచెం డీజిల్ చిమ్మిస్తుంది. అది పొగగొట్టంలో మండి ఫిల్టర్ వేడిని దాదాపు 600 డిగ్రీలకు తీసుకెళ్తుంది. ఆ వేడిలో మసి కాలిపోతుంది. దీనికి పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. అంతసేపూ బండి ఆగకుండా నడవాలి. ఈ కాల్చే పనిని సర్వీస్ సెంటర్లలో రీజనరేషన్ అంటారు.

ఇప్పుడు మీ ప్రయాణాలు చూడండి. ఇంటి నుంచి దేవీచౌక్ మీదుగా రైతుబజారుకు పదిహేను నిమిషాలు పడుతుందనుకుందాం. అందులో సగం సమయం సిగ్నళ్ల దగ్గర, ఆటోల వెనక గడుస్తుంది. కారు మీటరులో నీళ్ల వేడి ముల్లు మధ్యకు వచ్చేసరికి మీరు బజారు చేరిపోయి ఉంటారు. నీళ్లు వేడెక్కినంత మాత్రాన ఇంజన్ ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా చాలా సమయం పడుతుంది. పొగగొట్టంలోని ఫిల్టర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి మసి కాల్చే పని మొదలవదు. ఒకవేళ మొదలైనా మీరు గుడి దగ్గర తాళం తిప్పగానే సగంలో ఆగిపోతుంది. మర్నాడు మళ్లీ మొదలు, మళ్లీ సగంలో బందు.

ఇక పోర్టికోలో ఐదు నిమిషాల సంగతి. ఇది బజారు ప్రయాణం కన్నా హానికరం. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోని గాలిని పదిహేను, పదహారు రెట్లు నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. లోహం చల్లగా ఉన్నప్పుడు ఆ వేడిలో కొంత గోడలే మింగేస్తాయి. డీజిల్ తుంపర పూర్తిగా మండదు. పచ్చి కట్టెలతో పొయ్యి వెలిగించినప్పుడు మంట నిలబడే వరకు ఇల్లంతా పొగ చుట్టుకుంటుంది కదా, ఇదీ అటువంటిదే. మంట నిలబడే సమయానికి మీరు పొయ్యి ఆర్పేస్తున్నారు. అంటే ఎక్కువ మసి పుట్టే ఐదు నిమిషాలను ప్రతిరోజూ ఫిల్టర్‌కు ఇస్తున్నారు, అది కాలే నిమిషాలను ఎప్పుడూ ఇవ్వడం లేదు.

ఇంకొంచెం ఎక్కువసేపు, ఓ అరగంట ఆన్ చేసి ఉంచితే సరిపోతుందా అని మీకు అనిపించవచ్చు. సరిపోదు. పెట్రోల్ ఇంజన్ తక్కువ ఇంధనం వాడేటప్పుడు గాలినీ తక్కువే పీలుస్తుంది. డీజిల్ ఇంజన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు కూడా గాలి బాగా పీలుస్తుంది, ఇంధనం మాత్రం చుక్క చుక్కే వాడుతుంది. అందుకే నిలబడి తిరిగే డీజిల్ ఇంజన్ నిదానంగా వేడెక్కుతుంది, దాని పొగ చల్లగానే ఉంటుంది. బరువు లాగితేనే దానికి వేడి పుడుతుంది. మన వైపు ఎండ 40 డిగ్రీలు దాటినా ఫిల్టర్‌కు ఆ ఎండ ఏమీ సాయం చేయలేదు. దానికి కావలసింది వందల డిగ్రీలు.

ఫిల్టర్ ఒక్కటే అయితే నేను ఇంత కంగారు పడేవాణ్ణి కాదు. మీ కారులో నాకు ఎక్కువ భయం కలిగిస్తున్నది ఇంజన్ ఆయిల్. మసి కాల్చడానికి అదనంగా చిమ్మే డీజిల్ గురించి పైన చెప్పాను. ఆ పని సగంలో ఆగిన ప్రతిసారీ మండని డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి, పిస్టన్ రింగులు దాటి కింద ఆయిల్‌లో కలుస్తుంది. పెట్రోల్ అలా కలిస్తే తర్వాత ఇంజన్ బాగా వేడెక్కినప్పుడు ఆవిరై పోతుంది. డీజిల్ మరిగేదే 180 నుంచి 360 డిగ్రీల మధ్య. ఆయిల్ అంత వేడికి ఎప్పుడూ చేరదు కాబట్టి కలిసిన డీజిల్ చాలావరకు అక్కడే ఉండిపోతుంది. ఆయిల్ పల్చబడుతుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో ఇరుసుకు, క్రాంక్ బేరింగులకు ఆ ఆయిల్ పొరే రక్షణ. అది పల్చబడితే అరుగుదల బయటికి కనిపించదు. కనిపించే నాటికి ఖర్చు ఫిల్టర్ ధరను దాటిపోతుంది.

అందుకని ఈ ఉత్తరం చదవడం పూర్తికాగానే ఒక పని చేయండి. కారు చదునైన చోట ఉండాలి, ఇంజన్ ఆపి కనీసం పది నిమిషాలు గడిచి ఉండాలి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. ఆయిల్ మట్టం పై గీత దాటి ఉంటే, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన వస్తుంటే, మరేదీ చేయకముందే ఆయిల్ మార్పించండి. ఆయిల్ పెరిగిందంటే మంచిదేగా అని కొందరు అనుకుంటారు. వాడుతున్న ఇంజన్‌లో ఆయిల్ తరగాలి, లేదా అలాగే ఉండాలి. తనంతట తాను పెరిగితే అందులో వేరేది కలిసినట్టే. మట్టం మరీ పెరిగితే ఆ ఆయిల్ గాలి దారిలోకి చేరి ఇంజన్ దాన్నే ఇంధనంగా తాగి అదుపు తప్పే ప్రమాదం కూడా ఉంటుంది. అరుదే, కానీ అలా జరిగితే తాళం తీసినా ఇంజన్ ఆగదు.

ఆయిల్‌లోకి చేరేది డీజిల్ మాత్రమే కాదు. ఒక లీటరు డీజిల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజన్ వేడిగా ఉంటే అది పొగతో బయటికి పోతుంది. చల్లగా ఉంటే కొంత ఆయిల్‌లో, కొంత సైలెన్సర్‌లో నీటి చుక్కలై నిలుస్తుంది. ఆయిల్ మూత లోపల మీగడలా తెల్లని జిడ్డు కనిపిస్తే అది దీని పనే. ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన కారుకన్నా ముందే సైలెన్సర్‌లో తుప్పు పట్టడానికీ ఇదే కారణం. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు కూడా ఇలాంటి చల్లని, జిగురు మసితోనే పట్టేస్తుంది.

బ్యాటరీ కోసమే కదా ఇదంతా అంటారు. ఆ లెక్క కూడా చూద్దాం. ఆపి ఉంచిన కారులో తాళం వ్యవస్థ, అలారం, చిన్న కంప్యూటర్లు కలిసి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు లాగుతుంటాయి. రోజు మొత్తానికి అది రమారమి ఒక ఆంపియర్-గంట. ఐదు నిమిషాలు ఖాళీగా తిరిగిన ఇంజన్ బ్యాటరీకి తిరిగి ఇచ్చేది కూడా మహా అయితే అంతే. అందులోంచి స్టార్టర్ లాగిన కరెంటు పోవాలి, ఏసీ ఫ్యానో లైట్లో వేసి ఉంటే అదీ పోవాలి. రోజూ స్టార్ట్ చేసి మీరు బ్యాటరీని నింపడం లేదు, ఉన్నచోటే ఉంచుతున్నారు, లేదా కొంచెం కొంచెంగా ఖాళీ చేస్తున్నారు. ఎప్పుడూ నిండని బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు గట్టిపడి దాని ఆయుష్షే తగ్గుతుంది. మీకు పోర్టికోలో ప్లగ్ పాయింటు ఉంటే, నిండగానే తనే ఆగిపోయే చిన్న ఛార్జర్ ఒకటి కొనుక్కోండి. నెలకు ఒకటి రెండు రాత్రులు తగిలిస్తే చాలు. బ్యాటరీ ఎలా ఉందో తెలుసుకోవడానికి మల్టీమీటర్ పెట్టి చూడండి: రాత్రంతా కదలని కారులో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 కన్నా తగ్గితే ఛార్జి చేయాలి.

ఇక వెలిగిన దీపం. అది పసుపు రంగులో ఉండి, దాని పక్కన ఇంజన్ బొమ్మ దీపం వెలగకపోతే, బండి లాగుడు తగ్గకపోతే, ఇంకా మీ చేతిలోనే పని ఉన్నట్టు. కారు మాన్యువల్‌లో ఆ దీపం గురించి రాసిన పేజీని ముందు చదవండి. చాలా కార్లకు అందులో ఎంత వేగంతో, ఎంతసేపు నడపాలో స్పష్టంగా ఉంటుంది. ఆయిల్ మట్టం సరిగా ఉందని తేల్చుకున్నాక, ట్యాంకులో డీజిల్ సగమైనా ఉండేలా చూసుకోండి. రిజర్వు దీపం వెలుగుతుంటే చాలా కార్లు మసి కాల్చే పని మొదలే పెట్టవు. ఐదు వందలకు డీజిల్ కొట్టించుకుని తిరిగే అలవాటున్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

తర్వాత తెల్లవారుజామున, రద్దీ లేని సమయంలో, మోరంపూడి దగ్గర జాతీయ రహదారి ఎక్కి వేమగిరి, కడియపులంక మీదుగా రావులపాలెం వైపు వెళ్లండి. మొదటి ఐదారు కిలోమీటర్లు నిదానంగా పోనివ్వండి. ఇంజన్ వేడెక్కాక గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల మధ్య ఒకే వేగంతో నడపండి. మీది మామూలు గేర్ల బండి అయితే ఒక గేరు తక్కువలో ఉంచి ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు చూపే మీటరులో ముల్లు 2000 దాటి ఉండేలా చూడండి. మైలేజీ కోసం పై గేరులో నెమ్మదిగా పోతే పొగ వేడెక్కదు. ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో దీపం ఆరాలి. రావులపాలెంలో టీ తాగడానికి ఆగాలనిపిస్తే దీపం ఆరాకే ఆగండి. ఆరకపోతే అలాగే తణుకు వైపు మరికొంత దూరం సాగండి.

ఈ పని జరుగుతున్నప్పుడు కారు కొన్ని గుర్తులు చూపిస్తుంది. ఆగినప్పుడు ఇంజన్ మామూలు కన్నా కొంచెం వేగంగా తిరుగుతుంది, మైలేజీ అంకె పడిపోతుంది, కాలిన వాసన వేస్తుంది, తాళం తీశాక కూడా ముందున్న ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. బజారు దగ్గర ఆపినప్పుడు ఫ్యాను అలా తిరుగుతూ కనిపించిందంటే సగంలో ఆపేశారన్నమాట. వీలైతే ఎక్కి ఇంకో పది నిమిషాలు తిప్పి రండి.

ఒక హెచ్చరిక. ఆ సమయంలో కారు అడుగు భాగం నిప్పులా కాలుతుంటుంది. మన గోదావరి జిల్లాల్లో కోతల కాలంలో రోడ్డు పక్కన వరిగడ్డి పరిచి ఉండటం, ధాన్యం ఆరబోయడం మామూలే. ఎండుగడ్డి మీద, ఎండుటాకుల మీద కారు ఆపకండి. నిప్పంటుకోవడానికి ఎక్కువసేపు పట్టదు.

దీపం ఆరకపోయినా, ఎరుపు రంగులోకి మారినా, ఇంజన్ దీపం తోడైనా, బండి లాగకపోయినా హైవే వైద్యం మానేసి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. అక్కడ మీరు అడగవలసినవి అడగండి. స్కానర్ పెట్టి ఫిల్టర్‌లో ఇప్పుడు మసి ఎంత ఉంది, బూడిద ఎంత ఉంది, ఒత్తిడి తేడా ఎంత, చివరిసారి రీజనరేషన్ పూర్తయి ఎన్ని కిలోమీటర్లైంది, ఎన్నిసార్లు సగంలో ఆగింది అనే వివరాలు చూపించమనండి. మసికీ బూడిదకీ తేడా ఇక్కడ ముఖ్యం. మసి కాలుతుంది. ఇంజన్ ఆయిల్‌లోని రసాయనాల నుంచి వచ్చే బూడిద కాలదు, అది పేరుకుంటూనే పోతుంది. ఫిల్టర్ జీవితకాలాన్ని తేల్చేది బూడిద. కానీ అది నిండడానికి మామూలుగా లక్ష కిలోమీటర్లు దాటాలి. 19 వేల కిలోమీటర్ల కారులో ఫిల్టర్ బూడిదతో నిండిందంటే నేను నమ్మను. మీది మసితో పూడుకుపోయిన ఫిల్టర్. దాన్ని స్కానర్ సాయంతో నిలబెట్టి కాల్పించవచ్చు. అది కుదరనంత మసి ఉంటే విప్పి శుభ్రం చేయించవచ్చు. మసి హద్దు మీరి ఉన్నప్పుడు కాల్పిస్తే పింగాణీ కరిగి పగుళ్లిచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి, నిర్ణయం అంకెలు చూశాకే జరగాలి. మార్చడం ఆఖరి మాట. అలా కాల్పించిన ప్రతిసారీ తర్వాత ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కూడా మార్పించండి. గతసారి దీపం ఆర్పినప్పుడు ఇది చేశారో లేదో బిల్లు తీసి చూడండి. కారుకు పొడిగించిన వారంటీ ఉందేమో కూడా చూసుకోండి.

థర్మోస్టాట్ గురించి కూడా అడగండి. ఇంజన్ తగినంత వేడెక్కే వరకు నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు అది. అది తెరుచుకునే ఉండిపోతే ఇంజన్ ఎంత తిప్పినా కావలసిన వేడికి చేరదు, మసి కాల్చే పని మొదలవదు. వేసవిలో బండి వేడెక్కకూడదని దాన్ని తీసేసే మెకానిక్‌లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. పాత బండ్లకు అది చెల్లిపోయింది. బీఎస్-6 డీజిల్‌కు అది నేరుగా ఫిల్టర్ మీద పడే దెబ్బ. ఒత్తిడి సెన్సర్‌కు వెళ్లే సన్నని గొట్టం చీలినా తప్పుడు లెక్క వచ్చి దీపం వెలుగుతుంది. లక్ష రూపాయల భాగం మార్చే ముందు ఆ చిన్న గొట్టాన్ని చూడటం ధర్మం.

ఆయిల్ విషయంలో పట్టుదలగా ఉండండి. డీపీఎఫ్ ఉన్న కార్లకు తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే పోయాలి. మాన్యువల్‌లో ఆయిల్ రకాన్ని ఏసీఈఏ సీ2 అనో సీ3 అనో రాసి ఉంటుంది. డబ్బా మీద అదే అక్షరం, అదే అంకె ఉండాలి. మీలాగా తక్కువ దూరాలు తిరిగేవారు కిలోమీటర్లు చూసి ఆయిల్ మార్చకూడదు. ఏడాది తిరిగితే మార్చాలి. ఈ పరిస్థితిలో నేనైతే ఆరు నెలలకే మారుస్తాను. బంకుల దగ్గర అమ్మే ఫిల్టర్ శుభ్రం చేసే సీసాల మీద డబ్బు పెట్టకండి. వేడి లేకుండా ఏ సీసా పని చేయదు.

ఇక మీ మెకానిక్ సలహా. ఫిల్టర్ తీసేసి, కంప్యూటర్‌ను మభ్యపెట్టే ప్రోగ్రాం వేసే వారున్నారని నాకు తెలుసు. దీపం ఆరుతుంది, బండి హుషారుగా లాగుతుంది, బిల్లు చిన్నది. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన లక్షణాలను ఇలా మార్చడం నేరం. కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి నడిపితే 190వ సెక్షన్ కింద పది వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు శిక్ష ఉన్నాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను క్యాన్సర్ కలిగించేవాటిలో మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గమది. ఫిల్టర్ లేని కారు వదిలే మసి ముందుగా మీ పోర్టికోలోకి, మీ వంటింటి కిటికీలోకి, బజారులో మీ వెనక స్కూటరు మీద కూర్చున్న చంటిపిల్ల ముక్కులోకి వెళ్తుంది. ముప్ఫై, నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మీరు దానికి ఒప్పుకోరని నాకు గట్టి నమ్మకం.

అమెరికా ప్రయాణానికి ముందు కారును ఇలా సిద్ధం చేయండి. వెళ్లే వారంలో ఒకసారి హైవే మీద బాగా తిప్పి ఫిల్టర్‌ను ఖాళీ చేయండి. ఆ తర్వాత ఆయిల్ మార్పించండి. తిరిగొచ్చాక మారుద్దాం అనుకోకండి, తేమా డీజిల్ కలిసిన పాత ఆయిల్ ఆరు నెలలు బేరింగులను అంటిపెట్టుకుని ఉండకూడదు. ట్యాంకు దాదాపు నింపండి, ఖాళీ ట్యాంకు గోడలకు వానాకాలంలో తేమ పడుతుంది. టైర్లలో గాలి నాలుగైదు పాయింట్లు ఎక్కువ కొట్టించండి. హ్యాండ్ బ్రేకు వేయకుండా మొదటి గేరులో ఉంచి చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి, లేకపోతే బ్రేకులు పట్టేస్తాయి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించండి. ఎలుకల బెడద ఉంటే బానెట్ కింద వైర్లకు రక్షణ ఏర్పాటు చేయించండి. వాటి పళ్లకు బలైన వైరింగ్ మార్పించాలంటే వేలల్లో అవుతుంది. బీమా గడువు మధ్యలో ముగుస్తుందేమో చూసుకోండి.

అన్నిటికీ మించి, తాళాలు పక్కింటివారికో వాచ్‌మన్‌కో ఇచ్చి 'వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేయి బాబూ' అని చెప్పి వెళ్లకండి. నమ్మకమైన బంధువు ఎవరైనా ఉండి, రెండు మూడు వారాలకు ఒకసారి నలభై, యాభై కిలోమీటర్లు హైవే మీద తిప్పుతానంటే సంతోషం, అప్పుడు బ్యాటరీ తీగ విప్పనక్కర్లేదు. అటువంటివారు లేకపోతే ఆరు నెలలూ కదపకుండా వదిలేయండి. సరిగా సిద్ధం చేసి వదిలిన కారుకు ఆరు నెలల విశ్రాంతి వల్ల వచ్చే నష్టం, రోజూ స్టార్ట్ చేస్తే అయ్యే నూట ఎనభై చల్లని స్టార్టింగుల నష్టం ముందు లెక్కకు రాదు.

చివరిగా, ఉంచాలా అమ్మాలా. డీజిల్ ఇంజన్‌కు హాని చేసేది తక్కువ కిలోమీటర్లు కాదు, లెక్కకు మించిన చల్లని స్టార్టింగులు. వారానికి పదిసార్లు చిన్న పనులకు తీసే బదులు గుడి, బజారు, మందుల కొట్టు ఒకే తిరుగుడులో ముగించుకోగలిగితే, పది రోజులకోసారైనా అన్నవరమో ద్వారకా తిరుమలో వెళ్లి రాగలిగితే, ఈ కారు మీకు ఇంకా చాలా ఏళ్లు నిక్షేపంగా పని చేస్తుంది. ఉదయం స్టార్ట్ చేశాక కూడా నిలబెట్టి వేడి చేయనక్కర్లేదు. అర నిమిషం ఆగి బయలుదేరండి, మొదటి కొన్ని కిలోమీటర్లు ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కకండి.

అలా వీలుపడదు, మోకాళ్ల నొప్పులు, హైవే మీద నడపడానికి ధైర్యం చాలడం లేదు అంటే మాత్రం ఈ కారును మొహమాటం లేకుండా అమ్మేయమనే చెబుతాను. మీరు నెలకు తిరిగేది నాలుగు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ దూరానికి పెట్రోల్ కారుతో పోలిస్తే డీజిల్ వల్ల మిగిలేది నెలకు వెయ్యి రూపాయల చుట్టూ ఉంటుంది. కొనేటప్పుడు డీజిల్ రకానికి లక్షకు పైగా అదనంగా ఇచ్చి ఉంటారు. ఇప్పుడు ఫిల్టర్‌కు మరో లక్ష అడుగుతున్నారు. మీ జీవన విధానానికి పెట్రోల్ కారు నయం, అది త్వరగా వేడెక్కుతుంది. ఇంట్లో ఛార్జింగ్ పాయింటు పెట్టుకోగలిగితే విద్యుత్ కారు ఇంకా నయం. మూడు కిలోమీటర్లు పోయి ఆపినా దానికి వేడెక్కవలసిన ఇంజన్ లేదు, పూడుకుపోయే ఫిల్టర్ లేదు.

అమ్మాలనుకుంటే అమెరికా వెళ్లేముందే అమ్మండి, ఆరు నెలలు నిలిపి తిరిగొచ్చాక కాదు. దీపం ఆర్పించి, ఆయిల్ మార్పించి, ఫిల్టర్ అంకెలు ముద్రించిన కాగితం కొనేవారికి చూపించండి. రోజూ కాకినాడకో ఏలూరుకో ఉద్యోగానికి వెళ్లొచ్చే వ్యక్తి దొరికితే అతని చేతిలో మీ కారు బాగుంటుంది, అతనికీ 19 వేల కిలోమీటర్లే తిరిగిన బండి దొరుకుతుంది. ఏది నిర్ణయించుకున్నా డిప్‌స్టిక్ చూడటం మాత్రం ఇవాళే చేయండి, మట్టం ఎక్కడుందో నాకు రాయండి. పై గీత దాటి ఉంటే, ఆయిల్ మార్చే వరకు బజారుకు కూడా ఆ కారు తీయకండి.